నిప్పురవ్వల చొక్కాలు

జనవరి 9

మామయ్యగారికి,

మీకు ఫోన్ చేస్తే "ఆఁ... ఆఁ... సరేనమ్మా" అని పెట్టేస్తారు. ఏం విన్నారో ఏం వినలేదో నాకు తెలీదు. అందుకే రాస్తున్నాను. తాపీగా చదువుకోండి.

ఒక గ్యాలరీ వాళ్ళు ఏప్రిల్ మొదటి వారంలో నా బొమ్మలకి ఒక గది ఇస్తామన్నారు. పెద్దదేం కాదు. పక్కన పళ్ళ డాక్టరు, పైన ట్యూషన్లు, మధ్యలో ఇది. అయినా నాలుగు గోడలూ నావే. ఈ రెండేళ్ళూ నేను వేసినవన్నీ తన గురించే. మీకు చెప్పలేదు. "మీ అబ్బాయి పోయాక మీ అబ్బాయినే వేస్తున్నాను" అని ఫోన్లో ఎలా చెప్పను?

వెయ్యడమంటే మొహం గీయడం కాదు. ఒక్క బొమ్మలోనూ తన మొహం లేదు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఎక్స్‌రే ఫిల్ములు ముక్కలుగా కోసి చెక్క మీద అంటించి, పైన మైనం పోసి, ఆరాక మేకుతో గీరాను. ఆ వార్డు కిటికీలోంచి ఎనిమిది నెలలు చూసిన గోడ అది. ఇంకోదానికి వెల్డింగు షెడ్డులో తన బల్ల కింద ఊడ్చిన ఇనప రజను తెచ్చుకున్నాను. తడిగుడ్డలో మూట కట్టి మూడు రోజులు వదిలేస్తే గుడ్డకి తుప్పు పట్టింది. ఆ మరక చుట్టూ రంగు వేశాను. బట్టకి తుప్పు మరక కావాలని అంటించుకునే మనిషి మీ కోడలని తెలిస్తే మీ డ్రైక్లీనింగు షాపాయన మిమ్మల్ని స్టూలు మీంచి దింపేస్తాడేమో.

ఇప్పుడు అసలు సంగతి. తను పోయిన నెలలో తన బట్టల ఇనప పెట్టె చూడలేక నేనే మీ దగ్గరికి పంపేశాను. అందులో తను వెల్డింగు పనికి వేసుకెళ్ళే చొక్కాలు ఐదుండాలి. ఖాకీవి మూడు, నీలంవి రెండు. అవి నాకు పంపండి. నడిమి గోడంతా వాటికే ఖాళీగా ఉంచాను. నలుగురూ వచ్చి నిలబడి చూసేది ఆ గోడనే.

ఒకమాట ముందే చెప్తున్నాను. జిగురు పెట్టి అంటించాక ఇక ఊడవు. తర్వాత మీరు అడిగినా ఇవ్వలేను. ఆలోచించుకునే పంపండి.

మీ కోడలు


జనవరి 22

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. కాగితం ముందు కూర్చుంటే నాకు భయం. ఊళ్ళో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. తప్పులుంటే దిద్దుకుని చదువు.

గది బాగానే ఉంది. కుళాయి కారుతోంది. ఇంటాయనకి చెప్తే "కారనీ తాతా, నీకు తోడుగా ఉంటుంది" అన్నాడు. బకెట్టు పెట్టుకున్నాను.

డ్రైక్లీనింగు షాపులో ఇంకా కూర్చుంటున్నాను. అదే కిటికీ, అదే స్టూలు. చిరుగులు పూడ్చే రఫూ పని ఇదివరకంత రావట్లేదు. చిరిగితే పారేస్తున్నారు. కొందరు చింపినవే కొనుక్కుంటున్నారట. మొన్న షాపాయన నా భూతద్దం చూసి, "తాతా, చిల్లు నీకు కనబడుతోందా, నువ్వే చిల్లుకి కనబడుతున్నావా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పెట్టె తెరిచాను. రెండేళ్ళలో ఇదే మొదటిసారి. ఐదూ ఉన్నాయి. ఒకటి పంపుతున్నాను, ఖాకీది. దీనికి ముందువైపూ చేతుల మీదా కలిపి ఇరవై మూడు చిల్లులు. వెల్డింగు రవ్వ చిన్నదే, కానీ బట్టలో పడితే గుండ్రంగా తినేస్తుంది.

నలుగురూ నిలబడి చూసే గోడ అన్నావు. అది మనసులో పెట్టుకునే చేశాను. ఏం చేశానో చెప్పను. మా పనిలో చెప్పుకోవడం ఉండదు.

మిగతావి ఒక్కొక్కటే పంపుతాను. కాస్త సమయం పడుతుంది. తొందరపడకు.

ఉంటాను,
మామయ్య


ఫిబ్రవరి 2

మామయ్యా,

పార్సిలు విప్పగానే ఇది తన చొక్కా కాదనుకున్నాను. కాలరు లోపల నేను నల్లదారంతో వేసిన గుర్తుంది కాబట్టి తనదే. మరి చిల్లులేవి?

కిటికీ దగ్గర వెలుగుకి పట్టుకుని చూశాను. వేలితో తడిమాను. ఒక్కటీ లేదు. అప్పుడర్థమైంది మీరేం చేశారో. ఇరవై మూడూ కూర్చుని పూడ్చేశారు.

ఎందుకు మామయ్యా?

ఎడమ చేతి మీద వరసగా మూడుండేవి. అవి బడి నీళ్ళ ట్యాంకుకి మెట్లు పెట్టిన రోజువి. తలకిందులుగా పడుకుని చేశాడు, రవ్వలన్నీ చేతిలోకే రాలాయి. గుండె దగ్గర పెద్దది నా వల్ల. పెళ్ళయిన కొత్తలో షెడ్డుకి వెళ్ళి వెనకనుంచి పిలిచాను. ఇటు తిరిగాడు, రాడ్డు జారింది. "నువ్వు పిలిస్తే నాకు కాలుతుంది, దగ్గరికొచ్చి తట్టు" అని ఏడాది పాటు అందరి ముందూ ఏడిపించాడు. ఆ చిల్లులో నా చిటికెన వేలు పట్టేది.

నా బొమ్మంటే ఆ చిల్లులే. చొక్కాని చెక్క చట్రానికి బిగించి వెనక దీపం పెడదామనుకున్నాను. గది చీకటి చేస్తే చిల్లుచిల్లులోంచీ వెలుగు వస్తుంది. తను పని చేసేటప్పుడు దూరం నుంచి అలాగే కనబడేవాడు కదా, మనిషి కనబడకుండా రవ్వలు మాత్రమే. రెండేళ్ళు దీని గురించే ఆలోచించాను. ఇప్పుడు వెనక దీపం పెడితే చొక్కా చొక్కాలాగే ఉంది. ఫ్రేములు చేసే ఆయన పక్కనే ఉన్నాడు. "బావుందే, కొత్తదా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మీరు ఏదైనా సరే ఏమీ జరగనట్టు చేసేస్తారు. ఆసుపత్రిలోనూ అంతే. ఎనిమిది నెలల్లో రెండుసార్లు వచ్చారు. వచ్చి దుప్పటి అంచు సర్ది వెళ్ళిపోయారు. తనకి ఏమైందని ఒక్క మాట అడగలేదు.

మిగతా నాలుగూ ముట్టుకోకండి. దయచేసి. ఉన్నవి ఉన్నట్టు వెంటనే పంపండి. ఇంకెన్నో రోజులు లేవు.

మీ కోడలు


ఫిబ్రవరి 13

అమ్మాయీ,

తప్పయింది.

చిరిగిన బట్ట పదిమందిలో పెట్టడమంటే నా తల పనిచెయ్యలేదు. యాభై ఏళ్ళుగా ఈ చేత్తో ఇదే పని. చిల్లు కనబడితే సూది దానంతటదే వెళ్తుంది. గోడకి ఎక్కిస్తానన్నావు. వచ్చినవాళ్ళు చూసి, ఇతనికి తండ్రి రఫూ పనివాడట, కొడుకు చొక్కా చూడు ఎలా ఉందో, అనుకుంటారనిపించింది. నీ దీపం సంగతి నాకు తట్టలేదు.

విప్పొచ్చు కదా అంటావేమో. కుదరదు. కాలిన అంచులు కత్తిరించేశాను. అదే చొక్కా లోపలి మడతలోంచి పోగులు లాగి, పడుగుకి పడుగు, పేకకి పేక కలిపాను. ఇప్పుడు విప్పితే చుట్టూ ఉన్న మంచి బట్ట కూడా వచ్చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. వాడు బతికుండగా నేను వాడి చొక్కా ఒక్కటి కూడా కుట్టలేదు. ఊళ్ళో వాళ్ళ కోట్లన్నీ కుట్టాను. వాడు ఇంటికొచ్చినప్పుడల్లా "ఇటివ్వరా, రెండు చిల్లులు పూడ్చిస్తాను" అనేవాణ్ణి. "వదిలెయ్ నాన్నా, రేపు పొద్దున మళ్ళీ కాలుతుంది, నీ కళ్ళు దండగ" అనేవాడు. నిజమే కదా అని వదిలేశాను. ఇక కాలదు కదా అని ఇప్పుడు కూర్చున్నాను.

నీలందొకటి సగం అయింది. నీ ఉత్తరం రాగానే సూది ఆపేశాను. ఇవాళ ముట్టుకోనిది ఒకటి పంపుతున్నాను. ఇంకో మూడున్నాయి. అవి కూడా ఒక్కోటే పంపుతాను.

ఆసుపత్రికి రెండుసార్లు కాదు. ఐదుసార్లు వచ్చాను. మూడుసార్లు కింద మందుల షాపు పక్క బెంచీ దాకానే వచ్చాను.

చలి తగ్గింది. షాపాయనకి మోకాళ్ళ నొప్పులు. నన్ను స్టూలు ఇమ్మని అడుగుతున్నాడు. ఇవ్వలేదు.

మామయ్య


ఫిబ్రవరి 25

మామయ్యా,

చొక్కా అందింది. దీపం పెట్టి చూశాను. బాగా వచ్చింది. చాలా బాగా వచ్చింది. అంతకుమించి రాయను, రాస్తే మళ్ళీ ఏడుస్తాను.

బెంచీ సంగతి చదివాను. దానికేం రాయాలో తెలియక మూడు రోజులు ఊరుకున్నాను. ఇప్పటికీ తెలీదు.

కానీ ఒక్కోటే ఎందుకు మామయ్యా? నా మీద నమ్మకం లేదా? పాడు చేస్తాననా? జిగురు పెడితే ఇక మీకు దక్కవనా? అలా అయితే అలాగే చెప్పండి, మానేస్తాను. కానీ ఇటు గ్యాలరీ ఆవిడ రోజూ "నడిమి గోడ ఎంతవరకు వచ్చింది" అంటుంది. "వస్తోందండీ, పోస్టులో ఉంది" అంటే "గోడ పోస్టులో ఉండటమేంటి" అంటుంది. ఆవిడకేం చెప్పను?

బాగా అలసిపోయాను. పొద్దునంతా బడిలో డ్రాయింగు చెప్పాలి. అరవై మంది పిల్లలు, నూట ఇరవై కొండలు, ప్రతి రెండు కొండల మధ్యా ఒక సూర్యుడు. ఇంటికొచ్చి ఈ పని. ఒక్కోరోజు బ్రష్షు పట్టుకునే కునికిపాట్లు. మైనం, తుప్పు వాసన కలిసి జుట్టుకి పట్టేసింది, తలంటుకున్నా పోవట్లేదు.

ఫ్రేములాయన లేకపోతే ఎప్పుడో వదిలేసేదాన్ని. రోజూ సాయంత్రం వస్తున్నాడు. చట్రాలన్నీ తనే మోస్తాడు. నేను తినలేదంటే "నువ్వు తినకపోతే నేనూ తినను, ఇద్దరం ఇక్కడే పడిపోదాం, గ్యాలరీ ఆవిడ వచ్చి మనల్నే గోడకి ఎక్కిస్తుంది" అని మొండికేస్తాడు. ఇద్దరం ఇక్కడే ఇంత వండుకుని తింటున్నాం. చాలా రోజుల తర్వాత ఈ ఇంట్లో ఇంకో కంచం శబ్దం.

ఇంకో విషయం ఉంది. ఈ జూన్‌లో నేను ఇల్లు మారతానేమో. ఇంకా ఖాయం కాలేదు. అది ఉత్తరంలో రాసేది కాదు, మీకు ఎదురుగా కూర్చుని చెప్పాలి. మీరేమంటారోనని కొంచెం భయంగా కూడా ఉంది.

ముందు ఆ మూడు చొక్కాలు పంపండి.

మీ కోడలు


మార్చి 12

అమ్మాయీ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. షాపులో చదువుతుంటే షాపాయన చూశాడు. "ఏంటి తాతా, కోడలి దగ్గర్నుంచేనా, అలా అయిపోయావేం" అన్నాడు. "ఇల్లు మారుతుందట" అన్నాను. "ఒక్కతేనా?" అన్నాడు. నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. "మంచిదేగా తాతా, ఎన్నాళ్ళని ఒక్కతే ఉంటుంది" అన్నాడు. మంచిదే.

మూడు చొక్కాలూ ఒకేసారి పంపుతున్నాను. రెండు ముట్టుకోనివి. ఒకటి నీలంది, ఎడమవైపు కుట్టేశాను, కుడివైపు కుట్టలేదు. అది నీకు పనికిరాకపోతే పారెయ్యి. నేనేమీ అనుకోను.

ఒక్కోటే ఎందుకని అడిగావు. చెప్పేస్తాను. నీ మీద నమ్మకం లేక కాదు. వాడు పోయాక రెండేళ్ళలో నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఆ జనవరిది. చొక్కాల కోసం రాశావు. ఐదు చొక్కాలున్నాయి, ఒక్కోటే పంపితే ఐదు ఉత్తరాలొస్తాయి అనుకున్నాను. అన్నీ ఇచ్చేస్తే ఇక నాకు రాయడానికి నీకేముంటుంది. అందుకే ఆలస్యం చేశాను. రఫూ కూడా కొంత అందుకే. అందులో నా స్వార్థం ఉంది. వాడి బట్టలు పట్టుకుని నిన్ను ఇటు లాగడం న్యాయం కాదు.

ఫ్రేములాయన మంచివాడిలా ఉన్నాడు. తినమని మొండికేసే మనిషి దొరకడం మామూలు సంగతి కాదు. నువ్వు భయపడక్కర్లేదు. ఎదురుగా చెప్పక్కర్లేదు కూడా, నాకు అర్థమైంది. వాడుంటే వాడు కూడా సరే అనేవాడు. అక్కడ నా గురించి చెప్పాల్సిన పనేం లేదు. పాత మామగారొకడు ఉన్నాడంటే ఎవరికైనా ఇబ్బందే. ఇక నువ్వు రాయకపోయినా నేనేమీ అనుకోను.

బెంచీ సంగతి నువ్వేం రాయక్కర్లేదు. కానీ ఒక రోజు సంగతి చెప్తాను. నేను కింద కూర్చున్నాను. పైకి వెళ్ళాలని లేచి మళ్ళీ కూర్చున్నాను. వాడి దగ్గరికెళ్ళి ఏం మాట్లాడాలో నాకు తెలీదు. ఎలా ఉందిరా అని అడిగితే బాగానే ఉంది నాన్నా అంటాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అలా కూర్చునుండగా నువ్వు మందుల కోసం దిగావు. మందులు తీసుకుని, పైకి వెళ్ళకుండా మెట్ల మీద కూర్చున్నావు. ఆ మందుల కవరు వెనక పెన్సిలుతో ఏదో గీశావు. చాలాసేపు గీశావు. నీకు నేను పది అడుగుల్లో ఉన్నాను. పిలుద్దామనుకున్నాను. చెయ్యి అలా కదులుతుంటే పిలవబుద్ధి కాలేదు. నువ్వు పైకి వెళ్ళాక నేను బస్సెక్కేశాను.

కళ్ళు కాస్త మసకగా ఉన్నాయి. మంచి సూది ఒకటి పోయింది. షాపాయన తీశాడేమోనని అడిగితే "నేను కోట్లు ఇస్త్రీ చేసేవాణ్ణి, సూదులు దొంగిలించేవాణ్ణి కాదు" అని కోప్పడ్డాడు.

నీకు మంచి జరగాలి.

వాడి నాన్న


మార్చి 21

మామయ్యా,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను. తర్వాత మీ మీద కోపమొచ్చింది. ఇప్పుడు కోపంలో ఉండే రాస్తున్నాను.

ఫ్రేములాయనకి డెబ్బై ఒకటి. కట్టుడు పళ్ళు. నలుగురు మనవలు. వాళ్ళావిడ కూతురి కాన్పుకి వెళ్ళి రెండు నెలలైంది, వంట చేతకాక నా ఇంటికొచ్చి తింటున్నాడు. మీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. కుర్చీలో కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "ఆ కాగితం ఒక కాపీ తీయించి ఇవ్వమ్మా, మా ఆవిడకి పంపుతాను, రేపే బస్సెక్కి వచ్చేస్తుంది" అన్నాడు. మీ దీవెనలు అందాయని చెప్పమన్నాడు.

ఇల్లు మారడం సంగతి. ఊరి అవతల కొత్త బడిలో నాకు పని ఇస్తామంటున్నారు. ఉండడానికి రెండు గదుల ఇల్లు కూడా వాళ్ళదే. ఒక గది నా బొమ్మలకి. రెండో గదికి తూర్పువైపు పెద్ద కిటికీ ఉంది, వెలుగు బాగా వస్తుంది. ఆ గదిలోకి మిమ్మల్ని వచ్చి ఉండమందామనుకున్నాను. ఎదురుగా అడగాలనుకున్నది అది. మీరు రానంటారేమోనని భయం. మీరేమో నన్ను పెళ్ళి చేసి పంపించేశారు!

ఇక రాయక్కర్లేదు అని ఎలా రాశారు మామయ్యా? నన్ను అడిగారా? తను పోతే నేను మీకేమీ కానా? రెండేళ్ళు నేను రాయని మాట నిజమే. మీరు ఫోన్లో "ఆఁ" అని పెట్టేస్తే, నా గొంతు వింటే మీకు తను గుర్తొస్తున్నాడు కాబోలు, ఎందుకు బాధపెట్టడం అనుకున్నాను. మీరేమో నాకు మీతో పని లేదనుకున్నారు. ఇలాంటి ఇద్దరి మధ్య తను అన్నేళ్ళు ఎలా వేగాడో.

మందుల కవరు నా దగ్గరే ఉంది. ఆ రోజు గీసింది పైన వార్డులో తన చెయ్యి. మీరక్కడ ఉన్నారని తెలిస్తే గీయకపోదును. కాబట్టి పిలవకపోవడమే మంచిదైంది. కానీ ఇంకెప్పుడూ అలా చెయ్యకండి.

సూది షాపాయన తీయలేదు. నీలం చొక్కాలోనే ఉంది, దారంతో సహా, కుట్టు మధ్యలో. పార్సిల్లో చెయ్యి పెట్టగానే నా వేలు దొరకబుచ్చుకుంది. ఆయనకి క్షమాపణ చెప్పండి.

ఆ చొక్కాని పారెయ్యమన్నారు. దీపం వెనక పెట్టి చూశాను. కుడివైపంతా రవ్వలు. ఎడమవైపు మామూలు నీలం బట్ట. మధ్యలో ఒక చిల్లు సగం పూడి, దానికి సూది వేలాడుతోంది. ఫ్రేములాయన కూడా వంగి చూశాడు. "దీన్ని నువ్వేం ముట్టుకోకు" అన్నాడాయన. ముట్టుకోలేదు. జిగురు కూడా పెట్టలేదు. నడిమి గోడ మధ్యలో అదే. ముట్టుకోనివి మూడూ చుట్టూ ఉంటాయి. రవ్వలు పడ్డ వరకు తన పని, ఆగినచోటి నుంచి మీ పని. నేను చేసింది దీపం పెట్టడమే.

మొదటిది, ఇరవై మూడూ కుట్టేసినది, గోడకి పెట్టలేదు. బొమ్మలేసేటప్పుడు వేసుకుంటున్నాను. చేతులు రెండు మడతలు వెయ్యాల్సి వస్తోంది.

గది సంగతి జవాబు రాయండి. బొమ్మలు చూడ్డానికి రమ్మంటే మీరు రారని తెలుసు. అయినా రమ్మంటున్నాను.

మీ కోడలే


ఏప్రిల్ 8

మామయ్యా,

మీరు రాలేదు. సరే. ఎలా జరిగిందో చెప్తాను.

ఎక్కువమంది రాలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చినవాళ్ళు కొందరు బుగ్గ పట్టుకుని లోపలికొచ్చారు. ట్యూషను పిల్లలు వచ్చి చీకట్లో ఒకళ్ళనొకళ్ళు భయపెట్టుకుని పోయారు. ఒకాయన తుప్పు బొమ్మ ముందు నిలబడి "ఇది ఇంకా పూర్తి కాలేదా" అన్నాడు. ఒకావిడ ఎక్స్‌రే ముక్కల ముందు చాలాసేపు నిలబడి, నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

మూడో రోజు సాయంత్రం షెడ్డు నుంచి ఇద్దరొచ్చారు. తనతో పనిచేసినవాళ్ళు. ఒకతను బొద్దుగా, అందరూ డ్రమ్మని పిలుస్తారు. రెండో అతనిది తన పక్క బల్ల. పనిలోంచి నేరుగా వచ్చారు, అవే చిల్లుల చొక్కాలతో. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలా అని అడిగారు. గ్యాలరీ ఆవిడ వాళ్ళని చూసి, గోడని చూసి, పక్కకి జరిగి దారిచ్చింది.

నీలం చొక్కా ముందు నిలబడ్డారు.

"ఈ పక్కన చిల్లులేమయ్యాయమ్మా?" అన్నాడు డ్రమ్ము.

"వాళ్ళ నాన్నగారు కుట్టారు."

"ఎక్కడ?"

"అక్కడే, ఎడమ చేతి మీద, జేబు కింద."

ముక్కు ఆనించి చూశాడు. "ఇక్కడా? ఊరుకోమ్మా. ఇక్కడ అసలు చిల్లే పడలేదు."

"పడిందిరా," అన్నాడు రెండో అతను. "గోడౌన్ గేటు చేసిన రోజు. నేను పక్కనే ఉన్నాను. 'అమ్మో' అని ఎగిరాడు కూడా."

"ఎగిరింది నువ్వు. వాడు కాదు."

"వాడే! నీళ్ళు పోసింది నేను. పోస్తే నన్నే తిట్టాడు."

"అయితే చిల్లు చూపించు."

"కుట్టేశారంటుంటే ఎలా చూపిస్తాను?"

"కుడితే కుట్టు కనబడాలి కదా."

అలా ఇద్దరూ పావుగంట పోట్లాడుకున్నారు మామయ్యా, చీకట్లో, తన చొక్కా ముందు. గట్టిగా, చేతులూపుకుంటూ. తను పోయాక తన గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. అందరూ గొంతు తగ్గించేస్తారు. నేను గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. వెళ్ళేటప్పుడు డ్రమ్ము, "ఆ పెద్దాయన ఎక్కడుంటారు? నా చొక్కా ఒకటి పంపుతాను, ఇందులో కూడా చేసి చూపించమను, అప్పుడు నమ్ముతాను" అన్నాడు. అడ్రసు ఇచ్చాను. తిట్టుకోకండి.

మొన్న అన్నీ దింపేశాం. ఇల్లంతా చెక్కలు. నాకు వేరే పనేం చెయ్యబుద్ధి కావట్లేదు. రెండు రోజులుగా పడుకునే ఉన్నాను, జబ్బేం కాదు, ఒట్టి అలసట. కొత్త బొమ్మ ఏదీ మనసులో లేదు. రెండేళ్ళలో మొదటిసారి.

గది సంగతి మీరింకా చెప్పలేదు.

మీ కోడలు


ఏప్రిల్ 17

అమ్మాయీ,

షాపాయనకి క్షమాపణ చెప్పాను. "చెప్పులు మోసినా క్షమించను" అన్నాడు. మర్నాడు తనే టీ తెచ్చిచ్చాడు.

డ్రమ్ము చొక్కా వచ్చింది. నిజంగానే డ్రమ్ముకి తొడిగేలా ఉంది. చిల్లులు చాలా ఉన్నాయి. నింపాదిగా చేస్తాను. ఒక్కటి మాత్రం వదిలేస్తాను. గోడౌన్ గేటు రోజున మావాడు ఎగిరాడో ఆ రెండో అతనే ఎగిరాడో నాకు ఇంకా తేలలేదు. నువ్వు కనుక్కుని రాయి.

నేను వచ్చాను. ఐదో తారీకున. నీకు చెప్పలేదు. అలా చెయ్యొద్దన్నావు కానీ చేశాను. నువ్వు లోపల ఎవరితోనో మాట్లాడుతున్నావు. ఈసారి వీధిలో ఆగలేదు, లోపలికే వచ్చాను. చీకటిగా ఉంది. గోడ చూశాను. వాడు షెడ్డులో పని చేస్తుంటే నేను గేటు దగ్గర నిలబడి చూసి వచ్చేసేవాణ్ణి, అలాగే ఉంది. ఆ రవ్వలు ఆరిపోకుండా ఉన్నాయి. అంతకంటే నాకు చెప్పడం రాదు. బొమ్మలన్నీ చూడలేకపోయాను. బస్సుకి టైమైంది అని నాకు నేనే చెప్పుకుని వచ్చేశాను. నిజానికి బస్సుకి ఇంకా గంటుంది.

గది సంగతి. నువ్వు అడిగినందుకే నాకు కడుపు నిండింది. కానీ అమ్మాయీ, నేను రాను. కోపం తెచ్చుకోకు. రోజూ ఎదురుగా ఉంటే నేను మళ్ళీ "ఆఁ, సరేనమ్మా" దగ్గర ఆగిపోతాను. నేను దుప్పటి అంచు సర్దుతుంటే నువ్వు చూస్తుంటావు. కాగితం మీదైతేనే నాకు నాలుగు మాటలొస్తున్నాయి. అవి కూడా ఈ మూడు నెలల్లోనే వచ్చాయి. మరీ కళ్ళు కనబడకపోతే అప్పుడు వస్తాను. ఆ గదిలో బొమ్మలు పెట్టుకో.

రెండు రోజులు పడుకున్నానన్నావు. ఇంకో నాలుగు రోజులు పడుకో. బొమ్మ మనసులో లేకపోతే లేకపోనీ. వేళకి తిను. ఫ్రేములాయన వాళ్ళావిడ వచ్చేసిందా? వచ్చేస్తే నిన్ను తినమని మొండికేసేదెవరు?

పోస్టాఫీసు అమ్మాయికి నా ముఖం అలవాటైపోయింది. పొద్దున ఈ ఉత్తరానికి కవరు కొనడానికి వెళ్ళగానే త్రాసు ముందుకు జరిపి, "పార్సిలేది తాతా?" అంది. పెట్టె ఖాళీ అయిపోయింది కదా. పంపడానికి ఏమీ లేదు.

"ఇవాళ ఉత్తరం ఒక్కటే" అన్నాను.

మామయ్య